పశువు ఆవులిస్తున్నదా? నోట్లో చెయ్యి పెట్టే ముందు చదవండి

తెల్లవారుజామున పాలకేంద్రం దగ్గర వరుసలో ఒకరు ఆవులిస్తే చాలు, క్యానులు పట్టుకున్న వారందరూ ఒకరి తర్వాత ఒకరు నోరు తెరుస్తారు. పెద్దవాళ్లు చిటికె కూడా వేస్తారు. ఇంతకీ ఆవులింత ఎందుకు వస్తుంది?

రక్తంలో ప్రాణవాయువు తగ్గితే వస్తుందని చాలామంది నమ్మకం. బడిలోనూ అలాగే చెప్పేవారు. ఇది నిజం కాదు. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1987లో ప్రకటించిన పరీక్షలో విద్యార్థుల చేత స్వచ్ఛమైన ప్రాణవాయువు పీల్పించారు. ఆవులింతలు తగ్గలేదు. బొగ్గుపులుసు వాయువు ఎక్కువ కలిపిన గాలి ఇచ్చారు. ఊపిరి వేగం పెరిగింది గాని ఆవులింతలు పెరగలేదు. అసలు గాలే పీల్చని గర్భస్థ శిశువు కూడా ఆవులిస్తుందని స్కానింగులో కనబడుతూనే ఉన్నది కదా!

ఇప్పుడు ఎక్కువగా చర్చలో ఉన్నది మెదడు చల్లబడే వాదం. దవడ బాగా సాగినప్పుడు తలకు రక్తప్రసారం పెరుగుతుంది, లోపలికి పోయిన చల్లగాలి ఆ రక్తం వేడిని కొంత తగ్గిస్తుంది, అందువల్ల మెదడు చురుకవుతుంది అని దీని సారాంశం. దీనిని అందరూ ఒప్పుకోలేదు. అయితే 2021లో 101 జాతుల జంతువులు, పక్షుల ఆవులింతలను కొలిచి చూడగా, మెదడు పెద్దదైన కొద్దీ ఆవులింత ఎక్కువ సేపు ఉంటున్నదని తేలింది. ఎలుకది ఒక సెకనుకు లోపే. మనిషిది ఆరు సెకన్ల దాకా ఉంటుంది.

అంటుకునే గుణం వేరే సంగతి. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఎదుటివారి ఆవులింత సాధారణంగా అంటుకోదు. కుక్కలకు మాత్రం మనుషుల నుంచి అంటుకుంటుంది. 2008లో లండనులో పరీక్షించిన 29 కుక్కలలో 21 మనిషిని చూసి ఆవులించాయి.

మాటలో ఆవు ఉన్నది గాని, ఆవులు, గేదెలు ఆవులించడం మనం చూసేది తక్కువే. పడుకుని లేచినప్పుడు ఒళ్లు విరుచుకుని ఒకసారి నోరు తెరిచి మూస్తే అది మామూలే. ఎండకు నాలుక బయటపెట్టి రొప్పడం ఆవులింత కాదు. ఆ పశువును వెంటనే నీడకు తోలి నీళ్లు పొయ్యాలి.

భయపడవలసినది మరొకటి ఉన్నది. పశువు మేత మానుతుంది, పాలు ఒక్కసారిగా పడిపోతాయి, చొంగ తీగలుగా కారుతుంది, వెనుక కాళ్లు తూలుతాయి. మాటిమాటికీ ఆవులిస్తున్నట్టు నోరు తెరుస్తుంది. నిజానికి అది అరవబోతున్నది. గొంతు కండరాలు చచ్చుబడటం వల్ల శబ్దం రాదు, వచ్చినా బొంగురుగా వస్తుంది. ఇది పిచ్చికుక్క వ్యాధి, అంటే రేబీస్, లక్షణం కావచ్చు. కుక్కో నక్కో కరిచి వారాలు, నెలలు గడిచి ఉండవచ్చు, గాయం మాని కనబడకపోవచ్చు.

ఇక్కడే మన రైతులు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. నీళ్లు మింగలేకపోతున్నది, మామిడి టెంకో తాటి టెంకో అడ్డుపడి ఉంటుందని మోచేతి దాకా చెయ్యి లోపలికి పెడతారు. ఈ వ్యాధి క్రిములు ఉండేది చొంగలోనే. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. టెంక అడ్డుపడటమూ జరిగేదే, కానీ ఆ తేడా తేల్చవలసినది పశువైద్యుడు. ఆయన వచ్చేదాకా పశువును విడిగా కట్టి, పిల్లలను దగ్గరకు రానీయకండి.

చెయ్యి పెట్టడం అయిపోయిందా? సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం అద్దవద్దు. ఆ రోజే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి జరిగినది చెప్పి టీకా అడగండి. మనిషికైనా పశువుకైనా లక్షణాలు కనబడిన తర్వాత ఫలించే మందు లేదు. పశువును కుక్క కరిచినట్టు చూస్తే ఆ గాయాన్నీ అలాగే కడిగి, ఆ రోజే టీకాల కోసం పశువుల ఆస్పత్రికి కబురు చెయ్యండి.

అటువంటి పశువు పాలు సంఘానికి పొయ్యకండి, దూడకూ తాగించకండి. కాచిన పాలలో ఈ క్రిమి బతకదు. పచ్చిపాలు తాగినవారు ఉంటే వైద్యునికి చెప్పాలి.