మెదడు – అడినోసిన్ గ్రాహకాలు

పగలంతా శ్రమించిన మనిషిని రాత్రివేళ నిద్ర ఆవహిస్తుంది. అందుకు ఒక ముఖ్యకారణం అడినోసిన్ అనే చిన్న అణువు. కణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. ఖర్చయ్యేకొద్దీ మెదడులో అది పోగవుతుంది. దానిని గుర్తించి స్పందించే గ్రాహకాలు కణాల ఉపరితలంపై ఉంటాయి. అవి ఎ1, ఎ2ఎ, ఎ2బి, ఎ3 అని నాలుగు రకాలు.

వీటిలో ఎ1 నాడీకణాల ఉద్రేకాన్ని అణచి వాటికి విశ్రాంతినిస్తుంది. ఎ2ఎ ప్రభావం మాత్రం సందర్భాన్ని బట్టి మారుతుంది. రక్తంలోని తెల్లకణాలలో అది శోథను తగ్గిస్తుంది. మెదడుకు హాని కలిగినప్పుడు, రక్షకభటుల వంటి మైక్రోగ్లియా కణాలపై ఎ2ఎ గ్రాహకాలు అధికమవుతాయని జంతువులపై జరిపిన ప్రయోగాలు తెలుపుతున్నాయి. అప్పుడు శోథ ప్రబలి, ఆ కణాలు తాము కాపాడవలసిన నాడీకణాలనే దెబ్బతీస్తాయి. ఇది కంచే చేను మేసిన చందం.

కాఫీలోని కెఫీన్ ఎ1, ఎ2ఎ గ్రాహకాలను ఆక్రమించి అడినోసిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. హవాయిలో జపాన్ సంతతికి చెందిన 8,004 మంది పురుషులను దాదాపు 30 ఏళ్లు పరిశీలించారు. 2000లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం కాఫీ ఎక్కువగా తాగినవారిలో పార్కిన్‌సన్ వ్యాధి తక్కువ. అయితే కాఫీయే వ్యాధిని నివారించిందని ఇంతమాత్రాన నిర్ణయించలేం. ఎ2ఎను నిరోధించే ఇస్ట్రాడెఫిలిన్ మందును లెవోడోపాకు తోడుగా వాడడానికి జపాన్ 2013లో, అమెరికా 2019లో అనుమతించాయి. అది రోగి కదలికలకు ఊరటనిస్తుంది. నాడీకణాల క్షయాన్ని ఆపుతుందని మాత్రం రుజువు కాలేదు. ఉపశమనం వేరు, నివారణ వేరు.

అర్థాలు: శోథ = వాపు, మంట; క్షయం = నశించడం; చందం = విధం.

ప్రశ్న: ‘కంచే చేను మేసిన చందం’ అనే మాట మైక్రోగ్లియా కణాలకు ఎట్లా వర్తిస్తుందో వివరించండి.