శ్రద్ధ కలదు, యత్నము చాలదు

కోరిక ఒక్క క్షణములో పుట్టును. సామర్థ్యము నెలల తరబడి పెరుగును. ఈ రెండింటికిని గల అంతరమును గుర్తింపక కార్యమునకు పూనుకొనువాడు లౌకికమునందును, ఆధ్యాత్మికమునందును ఒకే విధముగ దెబ్బతినును. ఈ విషయమును గ్రహించుటకు నేటి క్రీడలలో ఒకదానిని దృష్టాంతముగ పరిశీలింపవచ్చును.

మూడు పరీక్షల క్రీడ

ట్రయాథ్లాన్ అను పోటీలో ఈత, సైకిలు స్వారి, పరుగు ఒకదాని వెంట ఒకటిగ, నడుమ విరామము లేక సాగవలెను. ఆధునిక కాలమున ఈ పేరుతో పోటీ 1974లో అమెరికాలోని సాన్ డియాగో నగరమున జరిగెను. ఈతగాడు, సైకిలు పందెగాడు, పరుగు పందెగాడు, ఈ మువ్వురిలో దేహదార్ఢ్యమున ఎవడు మిన్న యను చర్చనుండి నౌకాదళాధికారియగు జాన్ కాలిన్స్ మరియొక దీర్ఘమైన పోటీని కల్పించెను. అది 1978 ఫిబ్రవరి 18వ తేదీన హవాయి దీవులలోని ఓహూ యందు జరిగెను. సముద్రములో సుమారు 3.9 కిలోమీటర్ల ఈత, సైకిలుపై 180 కిలోమీటర్లు, తరువాత 42 కిలోమీటర్లకు పైబడిన పరుగు: ఇదంతయు ఒక్క దినముననే. 15 మంది బయలుదేరగా 12 మంది మాత్రమే ముగింపగలిగిరి. ప్రథముడైన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషముల 58 సెకండ్లు పట్టెను.

2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించిన ట్రయాథ్లాన్ ఇంతకంటె చిన్నది: 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. ఈ అంకెలను చూచి భ్రమపడుట సులభము. "చిన్ననాట చెరువులో ఈదితిని, సైకిలుపైననే పాఠశాలకు వెళ్లితిని, పది కిలోమీటర్లు నడువలేనా?" అని తలంచి ఒకడు తన పేరు వ్రాయించుకొనును. నాలుగు నెలల గడువున్నదను ధీమాతో మొదటి నెల గడచును. పనుల ఒత్తిడిచే రెండవది, జలుబు జ్వరములచే మూడవది గడచును. నాలుగవ నెలలో భయము కలుగును. కాని ఉత్సాహము మాత్రము తగ్గదు.

దేహము చెప్పు సాక్ష్యము

అట్టివానికి తొలి పరీక్ష నీటియందే. చెరువుగట్టు చేతికందునంత దూరములో ఈదుట వేరు. నలుదిక్కుల ఇతరుల కాలుసేతులు తగులుచుండ, అడుగు కానరాని నీటిలో ఈదుట వేరు. భయముచే ఊపిరి వడివడిగ ఆడును. ఊపిరి చెడినంతనే చేతులు బరువెక్కును. ఈ పోటీలలో సంభవించిన ఆకస్మిక మరణములలో అధికభాగము ఈతలోనే జరిగినవను సంగతి ఎవ్వరును మరువదగినది కాదు.

సైకిలు దిగి పరుగు మొదలిడగనే తొడలు రాతిదిమ్మెలవలె తోచును. ఒకదానినుండి మరియొకదానికి మారుటయు విడిగ అభ్యసింపవలసిన విద్యయే. కండరములలో నిలువయుండు పిండిపదార్థపు శక్తి తీవ్రశ్రమలో సుమారు రెండు గంటలకు మించి రాదు. శిక్షణ పొందిన దేహము కొవ్వును ఇంధనముగ వాడుకొనుచు ఆ నిలువను పొదుపు చేయును. శిక్షణ లేని దేహమునకు ఆ పొదుపు తెలియదు. దప్పిక తీర్చుకొనుటయందును మితమెరుగవలెను. చాలినంత త్రాగనివాడు ఎండకు సొమ్మసిల్లును. మితిమీరి వట్టి నీరు త్రాగినవాని రక్తములో ఉప్పుపాలు తగ్గి ప్రాణాపాయము కలుగవచ్చును.

ఇంకొక సూక్ష్మము కలదు. గుండె, ఊపిరి కొన్ని వారములలోనే బలపడును. ఎముకలును, కీళ్లను కట్టియుంచు నరములును గట్టిపడుటకు నెలలు పట్టును. కావున త్వరపడువానికి ఊపిరి చాలినను మోకాలు చాలదు. అనుభవజ్ఞులు పోటీకి ముందటి ఒకటి రెండు వారములలో శ్రమను తగ్గింతురు. ఆ దినములలోనే లోటంతయు పూడ్చబోవువాడు అలసిన దేహముతో ప్రారంభరేఖయొద్ద నిలుచును.

గీత చేసిన నిర్ణయము

భగవద్గీత 18వ అధ్యాయమున కర్మ మూడు విధములుగ విభజింపబడినది. అందు మోహమువలన ఆరంభింపబడు కర్మ తామసము. అట్టి కర్మకు పూనుకొనువాడు నాలుగింటిని విచారింపడు: పర్యవసానము, నష్టము, హింస, స్వశక్తి. శిక్షణ లేక పోటీకి దిగువానికి ఈ నాలుగును వర్తించును. పర్యవసానము గాయము కావచ్చును. నష్టము కాలమును, ఆరోగ్యమును. హింస తనకు మాత్రమే కాదు. నీటినుండి లాగుటకు పడవవాడు ప్రాణమొడ్డవలెను, ఇంటివారు దుఃఖింపవలెను. ఇక స్వశక్తిని అతడు కొలుచుకొననే లేదు. వెలుపలికి సాహసమువలె కనుపించు కర్మ లోపల తామసము కావచ్చునని ఇందువలన తెలియుచున్నది.

సంకల్పబలము చాలదా?

దృఢసంకల్పమున్నచో అభ్యాసలోపము పూడదా యని ఆక్షేపింపవచ్చును. 1982 ఫిబ్రవరిలో హవాయి యందలి కైలువా-కోనాలో జరిగిన పోటీ ఇందుకు తగిన ఉదాహరణము. జూలీ మాస్ అను విద్యార్థిని తన చదువునకు సంబంధించిన పరిశోధన నిమిత్తము అందు ప్రవేశించెను. అంతకుముందామె అంత దీర్ఘమైన పోటీ నెరుగదు. అయినను స్త్రీలలో ముందంజలో సాగి, గమ్యము సమీపించుసరికి కాళ్లు పట్టుతప్పి పడెను, లేచెను, మరల పడెను. కొలదిపాటి దూరమే మిగిలియుండగా కాథ్లీన్ మెకార్ట్నీ ఆమెను దాటిపోయెను. జూలీ నేలపై ప్రాకి 29 సెకండ్ల తరువాత గమ్యరేఖను తాకెను.

ఆ సంకల్పము వందనీయమే. కాని అది ఆమెను దాటించినది చివరి గజములను మాత్రమే. అంతకుముందు 220 కిలోమీటర్లకు మించిన దూరమును దాటించినది దేహము అదివరకు నేర్చిన విద్య. సంకల్పము గోపురముపై కలశమువంటిది. గోపురమే లేనిచో కలశమును నిలుపుట కెచ్చట తావు?

సాధకునికి పాఠము

ఆధ్యాత్మికమార్గమునందును ఇదియే జరుగుచున్నది. మహాత్ముల చరిత్ర చదివినవాడొకడు ఆనాటి రాత్రియే తెల్లవారులు ధ్యానము చేయ సంకల్పించును. గంట గడువక మునుపే నడుము నొచ్చును, మనస్సు సంతకు పోవును, నిద్ర ముంచుకొనివచ్చును. మరునాడతడు ధ్యానమే మిథ్య యనును. శివరాత్రి జాగరణము చేసి తరువాత సంవత్సరమంతయు జపమాల ముట్టనివాడును ఇట్టివాడే. మనస్సు చంచలమని ఒప్పుకొనుచునే, దానిని అభ్యాసవైరాగ్యములచే వశపరచుకొనవచ్చునని శ్రీకృష్ణుడు 6వ అధ్యాయమున ఉపదేశించెను. ఆ అభ్యాసమునకు పతంజలి మహర్షి మూడు లక్షణములు చెప్పెను: దీర్ఘకాలము సాగుట, ఎడతెగకుండుట, ఆదరముతో కూడియుండుట. క్రీడాశిక్షకుడు కోరునదియు ఈ మూడే. దినమున కొక అరగంట చొప్పున సంవత్సరము చేసిన జపము, ఒక్కనాటి పది గంటల ఆవేశముకంటె లోతుగ నాటును. ఆహారము, నిద్ర, విశ్రాంతి మితముగ నుండవలెనని ఆ అధ్యాయమే బోధించుచున్నది. కావున విశ్రాంతియు అభ్యాసములో భాగమే.

అర్జునుని ప్రశ్న

మరి శ్రద్ధయుండియు యత్నము చాలనివాని గతి యేమి? ఈ ప్రశ్నను అర్జునుడే వేసెను. అట్టివాడు ఇహమునకును పరమునకును చెడి, చెదరిన మేఘమువలె నశించునా యని అతడు కలతపడెను. భగవానుడు అతనిని గద్దింపలేదు. మంచిని చేయబూనినవాడెవడును దుర్గతి పొందడనియు, అతడు తగిన పరిసరములలో మరల జన్మించి, పూర్వము సంపాదించిన బుద్ధినే అందుకొని ముందుకు సాగుననియు అభయమిచ్చెను. ఒక్క అడుగైనను వ్యర్థము కాదు. జూలీ మాస్ కూడ ఆనాటితో ఆగిపోలేదు; తరువాత అనేక సంవత్సరములు ఈ క్రీడలో కొనసాగెను.

కావున సిద్ధపడనివాడు ప్రారంభరేఖనుండి వెనుదిరుగుటలో అవమానము లేదు. తన శక్తిని ఉన్నదున్నట్లు చూచుకొనుట సత్యవ్రతమే. అవమానమేదైన ఉన్నచో అది మరునాటి ఉదయము మరల నిద్రలో గడుపుటయందున్నది. తెల్లవారుజామున లేచి, చేయగలిగినంత చేసి, రేపు మరికొంత చేయుటకు నిశ్చయించుకొనువాడే నిజమైన పోటీలో చేరినవాడు. ఆ పోటీకి గమ్యరేఖ దూరముననే యుండవచ్చును. ప్రారంభరేఖ మాత్రము ప్రతిదినము అతని గుమ్మమునొద్దనే యుండును.