ఫిష్ ఫైండర్ కొంటున్నారా? స్క్రీన్ సైజ్ కంటే ముందు ఇవి చూడండి

ఫోన్ కొనేటప్పుడు మనం మొదట చూసేది డిస్‌ప్లే. ఫిష్ ఫైండర్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. ఇక్కడ అసలు పని చేసేది నీళ్లలో ఉండే ట్రాన్స్‌డ్యూసర్. అది విన్నదాన్ని స్క్రీన్ గీసి చూపిస్తుంది, అంతే. కాకినాడ వైపు ఫైబర్ బోటు నడిపే మా బాబాయి "ఏది కొనమంటావురా?" అని అడిగితే నేను చెప్పిన పాఠమే ఇది. ఆయనకిది సరదా గాడ్జెట్ కాదు. అడుగున రాయి ఉందని తెలియక వల వేస్తే వలా పోతుంది, ఆ రోజు డీజిల్ ఖర్చూ పోతుంది.

ఎలా పనిచేస్తుంది?

ట్రాన్స్‌డ్యూసర్ కిందికి శబ్దం పంపి, ప్రతిధ్వని కోసం చూస్తుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు వెళ్తుంది. లోతు 15 మీటర్లైతే పోయి రావడానికి 30 మీటర్లు, అంటే 20 మిల్లీసెకన్లు. ఆ టైమ్‌ని బట్టే లోతు లెక్క. చాలా చేపలు కనిపించేది వాటి పొట్టలో ఉండే గాలి సంచి వల్లే. సొరచేపకి ఆ సంచి ఉండదు కాబట్టి దాని సిగ్నల్ బలహీనంగా వస్తుంది. జపాన్‌లో ఫురునో సంస్థ 1948లో చేపల వేటకి ఈ టెక్నాలజీని తెచ్చింది. మూలసూత్రం ఇప్పటికీ అదే.

కొనేముందు మూడు ప్రశ్నలు

1. ఫ్రీక్వెన్సీ ఎంత? 200 కిలోహెర్ట్జ్ వివరంగా చూపిస్తుంది, కానీ ఎక్కువ లోతుకి వెళ్లదు. 50 కిలోహెర్ట్జ్ లోతుకి వెళ్తుంది, వివరం తగ్గుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీకి బదులు ఒక రేంజ్ మొత్తం పంపేది చిర్ప్. దగ్గరదగ్గరగా ఉన్న చేపలు దీనిలో విడివిడిగా కనిపిస్తాయి.

2. కోన్ యాంగిల్ ఎంత? 15 మీటర్ల లోతులో 20 డిగ్రీల కోన్ సుమారు 5 మీటర్ల వెడల్పునే చూస్తుంది. 60 డిగ్రీలైతే 17 మీటర్లు.

3. ఎక్కడ వాడతారు? గట్టు మీద నుంచి గాలం వేసేవాళ్లకి, నీళ్లలోకి విసిరి వైఫైతో ఫోన్‌కి కలుపుకునే డీపర్ లాంటివి చాలు. బోటుకైతే 12 వోల్ట్ బ్యాటరీతో నడిచే, ట్రాన్స్‌డ్యూసర్‌ని బోటుకి బిగించే మోడల్ తీసుకోండి. బాక్స్ మీద రాసిన గరిష్ట లోతు మంచినీటిదా, సముద్రానిదా చూడండి. ఉప్పునీటిలో అది బాగా తగ్గుతుంది.

స్క్రీన్ చదవడం

స్క్రీన్ మ్యాప్ కాదు, టైమ్‌లైన్. కుడి అంచున కనిపించేది ఇప్పటిది, ఎడమవైపు ఉన్నదంతా అయిపోయినది. బోటు ఆగినా బొమ్మ కదులుతూనే ఉంటుంది. కదలని చేప ఒకటి కిందే ఉంటే పొడవైన గీతలా పడుతుంది. దాన్ని పెద్ద చేప అనుకోవద్దు.

చేప కోన్ అంచు నుంచి మధ్యకి వచ్చి వెళ్లిపోతే విల్లు ఆకారం వస్తుంది. చేప బొమ్మలు చూపించే ఫిష్ ఐడీ కేవలం సాఫ్ట్‌వేర్ ఊహ. నేర్చుకునే రోజుల్లో దాన్ని ఆఫ్ చేసేయండి.

అడుగు గీత ప్రకాశవంతంగా ఉండి, రెట్టింపు లోతులో ఇంకో గీత కూడా పడితే కింద గట్టి నేల లేదా రాయి ఉన్నట్టు. బురదైతే సిగ్నల్ మసకగా వస్తుంది. వల కాపాడేది ఈ ఒక్క తేడానే.

మొదటి ప్రాక్టీస్: తాడుకి సీసం గుండు కట్టి ట్రాన్స్‌డ్యూసర్ కిందికి దించండి. స్క్రీన్ మీద అది దిగడం కనిపించాలి. కనిపించకపోతే సెన్సిటివిటీ మెల్లగా పెంచండి. గుండు అడుగుకి తగిలాక తాడు కొలిచి, స్క్రీన్ చూపే లోతుతో పోల్చండి. ట్రాన్స్‌డ్యూసర్ నీటి మట్టానికి ఎంత కింద ఉందో అంత తేడా రావడం మామూలే.

ఒక హెచ్చరిక: మామూలు మోడళ్లు చూపించేది కిందున్న లోతే, ముందున్న రాయిని కాదు. బడ్జెట్ తక్కువైతే స్క్రీన్ సైజ్‌లో తగ్గండి, ట్రాన్స్‌డ్యూసర్‌లో మాత్రం తగ్గకండి.