ప్రశ్నలు - జవాబులు: ముసలి కణాలు, క్యాన్సర్

ప్రశ్న: ముసలిదైన కణం ఇక విభజన చెందదంటారు. అలాగైతే వయసు మళ్లినవాళ్లకు క్యాన్సర్ తగ్గాలి కదా! (ఏలూరు)

జవాబు: కణ వార్ధక్యం మొదట రక్షణే. ప్రయోగశాలలో పెంచిన మామూలు మానవ కణాలు సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయని హేఫ్లిక్, మూర్‌హెడ్ 1961లో చూపారు. క్రోమోజోముల కొసల్లోని టెలోమియర్లు అరిగినా, డీఎన్ఏ దెబ్బతిన్నా, క్యాన్సర్ జన్యువు మేల్కొన్నా పి53, పి16 ప్రొటీన్లు విభజనను ఆపిస్తాయి. అలా ఆగిన కణాన్ని రోగనిరోధక కణాలు తొలగించాలి. వయసు పైబడేకొద్దీ ఈ పని మందగిస్తుంది. మిగిలిపోయిన కణాలు ఐఎల్-6, ఐఎల్-8 వంటి వాపు రసాయనాలను వదులుతూనే ఉంటాయి. ఏళ్ల తరబడి జన్యులోపాలు పోగైన పక్క కణాలు కణితిగా పెరగడానికి అవి ఊతమిస్తాయి.

ప్రశ్న: పుట్టుమచ్చ క్యాన్సరేనా? (కైకలూరు)

జవాబు: కాదు. చాలా మచ్చల్లో బీరాఫ్ అనే క్యాన్సర్ జన్యువు మారి ఉన్నా, ఆ కణాలు విభజన మానేసి ఉంటాయి. మచ్చ ఆకారం, రంగు మారినా, రక్తం కారినా చర్మవైద్యులకు చూపించాలి.

ప్రశ్న: గుట్కా ఎప్పుడో మానేశాను. వక్కపొడి మాత్రం వేసుకుంటాను. నోరు సరిగా తెరుచుకోవడం లేదు, కారం తగిలితే మంట. వయసు వల్లేనా? (తాడేపల్లిగూడెం)

జవాబు: వయసు వల్ల కాదు, వక్క వల్ల. ఇవి సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ లక్షణాలు. వక్కలోని అరెకోలిన్ వంటి పదార్థాల తాకిడికి బుగ్గ లోపలి పొర కింద కొల్లాజెన్ పేరుకుని బిగుసుకుంటుంది. ఈ జబ్బున్న నోటి నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టుల్లో (కొల్లాజెన్ తయారుచేసే కణాల్లో) విభజన ఆగిన కణాలు ఎక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. మనిషికి ముప్పయ్యేళ్లే అయినా అక్కడి కణాలు ముసలివే. ఇలాంటివారిలో కొందరికి నోటి క్యాన్సర్ వస్తుంది. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ప్రచురించిన నివేదిక చెబుతోంది. గుట్కా మాని వక్కపొడి పట్టుకోవడం సగం మానడమే. విందుల్లో పిల్లల చేతుల్లో సైతం తీపి వక్కపొడి పొట్లం పెట్టే మర్యాద మర్యాదే కాదు. వక్క మానినంత మాత్రాన బిగుసుకున్న పొర మామూలు కాదు. జబ్బు ముదరకుండా ఉండాలంటే మాత్రం మొదట మానాల్సింది అదే. ఏలూరు దగ్గర దుగ్గిరాలలోనూ, భీమవరంలోనూ దంత వైద్య కళాశాలలున్నాయి. నోటి పరీక్ష, అవసరమైతే బయాప్సీ వాయిదా వేయకూడదు.

ప్రశ్న: ముసలి కణాలను పోగొట్టే పొడులు వాడవచ్చా? (ఆకివీడు)

జవాబు: వద్దు. ఆ కణాలను ఏరివేసే మందులు ఇంకా పరీక్షల దశలోనే ఉన్నాయి. వాటిలో ఒకటైన డాసాటినిబ్ ల్యుకేమియా మందు. డాక్టరు చీటీ లేకుండా వాడేది కాదు.