ఆశ్చర్యము గొలుపు ప్రకటనలు, అందలి కొలువులు

2013వ సంవత్సరమున ప్రయాగలో కుంభమేళా జరుగుచుండగా, సంగమస్నానము చేసి ఆకలిగొని భోజనశాలలకు చేరిన యాత్రికుల పళ్ళెములలో, పొయ్యిమీదినుండి అప్పుడే దిగిన రొట్టెలపై, సిరా చుక్కయైనను తగులకుండ కాల్చిన అచ్చుతో వేసిన హిందీ వాక్యమొకటి కనబడెను. లైఫ్‌బాయ్‌తో చేతులు కడుగుకొంటివా యని దాని భావము. రొట్టెను తుంచుటకు చేయి సాచిన మనిషి ఆ చేతినే ఒకమారు చూచుకొనుటకు అంతకంటె తగిన అదను వేరొకటి లేదు. నూరింటికి మించిన భోజనశాలలలో ఇట్లు అచ్చు పడిన రొట్టెలు సుమారు 25 లక్షలు.

ఈ ప్రచారమును రూపొందించిన ఓగిల్వీ సంస్థవారికి హోర్డింగులు నిలుపుట చేతగాక కాదు. కోట్లకొలది జనము కదలు ఆ ఇసుకతిన్నెలపై వేయి హోర్డింగుల నడుమ మరియొకటి నిలిపినను దానివంక తలయెత్తువారు లేరు. భోజనమునకు ముందు చేతులు కడుగవలెనన్న మాట మనకు తెలియనిదియు కాదు, బడిలో చదివినదే. జ్ఞప్తికి రావలసిన క్షణమున అది రాకపోవుటయే చిక్కు. ఆ క్షణమును వెదకి పట్టుకొనుటయందే ఈ వృత్తియొక్క నైపుణ్యమంతయు ఉన్నది. జనులను ఉలికిపాటునకు గురిచేయుట సులభము, నడివీధిలో టపాకాయ పేల్చినను ఉలికిపడుదురు. ఆ ఉలికిపాటు వస్తువుయొక్క ప్రయోజనమువైపు మనసును మరల్చినప్పుడే అది ప్రకటన యగును.

అమెరికా రచయిత జే కాన్రాడ్ లెవిన్‌సన్ 1984లో ఇట్టి యుక్తులను గూర్చి 'గెరిల్లా మార్కెటింగ్' అను గ్రంథమును వెలువరించినప్పుడు ఆయన దృష్టిలో నున్నవారు పెట్టుబడి చాలని చిన్న వర్తకులు. ధనము లేనిచోట యుక్తిని వినియోగింపుడని ఆయన బోధ. ధనమున్న సంస్థలును ఆ యుక్తిని తమ సొత్తు చేసికొనుట లోకరీతియే.

బీహారు, జార్ఖండు గ్రామసీమలలో కరెంటు ఉండియు లేనట్లే యుండుటచే టీవీ ప్రకటనలు చేరని ఇండ్లు ఒకప్పుడు లెక్కకు మిక్కిలిగా నుండెను; అయినను సెల్‌ఫోను పల్లెపల్లెకును ప్రాకెను, పైసా ఖర్చు కాకుండ మిస్డ్ కాల్ ఇచ్చుట అందరికిని అలవాటయ్యెను. హిందుస్థాన్ యూనిలీవర్ సంస్థ ఈ అలవాటునే ఆధారము చేసికొని 'కాన్ ఖజూరా టేసన్' అను పేర ఫోనులోనే ఒక రేడియోను నడిపెను. శ్రోత మిస్డ్ కాల్ ఇచ్చినచో అటునుండి ఫోను మ్రోగుచుండెను. పావుగంటసేపు పాటలును హాస్యమును వినుటకు వీలుండెను. నడుమనడుమ ఆ సంస్థ సరకుల ప్రకటనలు. 2014లో కేన్స్ లయన్స్ ప్రకటనల ఉత్సవమున దీనికి స్వర్ణ పురస్కారములు లభించినవి. విద్యార్థి గమనింపవలసినది ఆ పురస్కారములను కాదు, కరెంటు కోతను మిస్డ్ కాలును ఒకచోట చేర్చి చూచిన బుద్ధిని. నగరమున పుట్టి నగరమును దాటి ఎరుగనివారికి ఇట్టి ఊహ తట్టుట కష్టము. కావున పల్లెటూరివాడనని, పల్లెటూరిదానినని సంకోచించువారు ఈ రంగమునకు సంబంధించినంతవరకైనను ఆ సంకోచమును విడువవచ్చును.

ఇక కొలువుల మాట. యాడ్ ఏజెన్సీ అనినంతనే మాటలు కూర్చు కాపీరైటరు, దృశ్యమును దిద్దు ఆర్ట్ డైరెక్టరు తలపునకు వత్తురు. వారిరువురును జంటగా కూర్చుండి ఆలోచించుట నిజమే. కాని వారి బల్లమీదికి బ్రీఫ్, అనగా చేయవలసిన పనిని తెలుపు పత్రము, చేరునప్పటికే, కొనువారెవ్వరు, కొననివారు ఏల కొనరు అని శోధించిన ప్లానరును, కంపెనీవారి కోరికను ఆకళించుకొని కాగితముపై పెట్టిన క్లయింట్ సర్వీసింగ్ ఉద్యోగియు తమ పనిలో సగము ముగించియుందురు. అసాధారణ ప్రచారములలో వేరొక వర్గమువారు ప్రధానులు. రొట్టెపై అచ్చు వేయవలెనన్న ఊహ పుట్టుట ఒక యెత్తు. ఆ అచ్చులను చేయించి, వంటవారిని ఒప్పించి, పూటపూటకును పని సాగునట్లు చూచుట మరియొక యెత్తు. ఇట్టి పనులు చూచువారిని యాక్టివేషన్ విభాగమువారందురు. మన విద్యార్థులు ఆ వంకకు చూడనే చూడరు గాని, ఊరి జాతరలో పందిళ్ళు వేయించి, మైకువానితో బేరమాడి, పదిమందిచేత పని చేయించిన అనుభవము గలవారికి అందు చక్కని అవకాశములున్నవి.

ఈ రంగమునకు ఒక్కటే రాజమార్గమన్నది లేదు. గుంటూరు సీమవాడైన ఎ.జి. కృష్ణమూర్తి చిన్న ప్రభుత్వోద్యోగముతో జీవితమారంభించి, అహమ్మదాబాదు బట్టల మిల్లుల ప్రకటనలయందు చేయి తిరిగినవాడై, 1980లో 35 వేల రూపాయలతో, ఒకేయొక ఖాతాదారుతో ముద్రా సంస్థను స్థాపించెను. ఆ సంస్థ ప్రకటనలలోని 'ఓన్లీ విమల్' అన్నను, 'ఐ లవ్ యూ రస్నా' అన్నను నేటికిని గుర్తుపట్టువారున్నారు. ఫెవికాల్ బస్సు ప్రకటనతో మాట పలుకకుండగనే దేశమును నవ్వించిన పీయూష్ పాండే 1982లో ఓగిల్వీలో అడుగిడుటకు ముందు క్రికెట్ ఆడినవాడు, తేయాకు రుచి చూచు ఉద్యోగము చేసినవాడు.

అయినను చదువునకు చోట్లున్నవి. కృష్ణమూర్తి పూనికతోనే 1991లో అహమ్మదాబాదున వెలసిన మైకా విద్యాసంస్థలో ప్రవేశమునకు క్యాట్ వంటి పరీక్షయందలి స్కోరుతోపాటు మైకాట్ అను ప్రత్యేక పరీక్షయు వ్రాయవలెను. ఢిల్లీలోని ఐఐఎంసీ విద్యాసంస్థ ప్రకటనలు, ప్రజాసంబంధములయందు శిక్షణ నిచ్చును. బొమ్మలయందు ఆసక్తి గలవారికి హైదరాబాదులోని జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ. విశ్వవిద్యాలయమున అప్లైడ్ ఆర్ట్‌లో బి.ఎఫ్.ఏ. ఉన్నది, డిజైన్ విద్యాసంస్థయగు ఎన్ఐడీ చదువు ఆంధ్రప్రదేశ్‌లోనే లభించుచున్నది. ప్రవేశ నియమములు ఏటేట మారుచుండును గావున ఆ సంవత్సరపు ప్రకటన చూచియే దరఖాస్తు చేయుడు.

పట్టాకంటె పోర్ట్‌ఫోలియోకు, అనగా తాము చేసిన పనుల సంపుటికి, విలువ యెక్కువ. ఉద్యోగము లేనిదే ప్రకటనలెక్కడివని అడుగుదురు. ఊహించి చేసినవే చాలును, ఊహించి చేసినవని వ్రాసినచో చాలును. ఒక వేసవి మధ్యాహ్నము ఆర్టీసీ బస్టాండులో రెండు గంటలు కూర్చుండుడు. ప్రయాణికుల చూపు ఎచ్చటెచ్చట నిలుచునో గమనింపుడు: గోడలపై గాదు, బస్సు వచ్చు మలుపుపై, మలుపు తరువాత బస్సు నుదుటనున్న ఊరిపేరుపై, అటుపిమ్మట చేతిలోని నీళ్ళ సీసాపై. చంటిబిడ్డ తల్లి సీసా మూతతో నీళ్ళు త్రాగించును, ముసలివారు సీసాను ఎండలో పెట్టి మరచిపోవుదురు. ఓఆర్ఎస్ పొట్లమునకు ప్రచారము చేయుమని మీకు బ్రీఫ్ వచ్చెననుకొనుడు. గోడకు పోస్టరు అంటించుటకంటె ఆ సీసా చుట్టును, ఆ ఊరిపేరు చుట్టును ఎన్ని ఊహలు తిరుగునో కాగితముపై పెట్టుడు. గమనించిన దేమి, అందుండి పుట్టిన ఊహ యేమి, దానికి ఎవరి అనుమతి కావలెను, ఎంత ఖర్చగును అన్నవి ఒక పుటలో ఇమిడినచో అది పోర్ట్‌ఫోలియోకు తగిన పుట.

అనుమతిని గూర్చి వ్రాయుట ఊరక కాదు. 2007 జనవరి 31న బోస్టన్ నగరమున, ఒక కార్టూను ధారావాహిక ప్రచారమునకై వంతెనలయొద్దను ఇతర స్థలములయందును తగిలించిన మెరయు దీపాల పలకలను బాంబులని భ్రమించి రహదారులను మూసివేసిరి. ప్రచారము చేయించిన టర్నర్ సంస్థయు, చేసిన ఏజెన్సీయు నగరమునకును ఇతర ప్రభుత్వ సంస్థలకును కలిపి 20 లక్షల డాలర్లు చెల్లించుకొనవలసి వచ్చెను, కార్టూన్ నెట్‌వర్క్ అధిపతి పదవిని వీడెను. మన దేశమున 1985 నుండి ఆస్కీ అను స్వీయ నియంత్రణ సంస్థ ప్రకటనలపై ఫిర్యాదులు విచారించుచున్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, తప్పుదారి పట్టించు ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తొలిసారి 10 లక్షల రూపాయలవరకు, మరల చేసినచో 50 లక్షలవరకు జరిమానా వేయవచ్చును. భయపెట్టి ఆకర్షించు ప్రచారమునకు ఎంత పేరు వచ్చినను, నేను దానిని ప్రతిభగా లెక్కింపను.

ఇంటర్న్‌షిప్ కోరునప్పుడు ఏజెన్సీకి మీ జీవితచరిత్రనంతయు పంపనక్కరలేదు. నాలుగైదు పుటల పోర్ట్‌ఫోలియోయు, ఆ ఏజెన్సీవారి ప్రచారములలో ఒకదానిపై మీ అభిప్రాయమును చాలును. తొలి జీతము స్వల్పముగా నుండును, రాత్రులు పొడవుగా నుండును. ఇంటివారికి ముందే చెప్పియుంచుట మేలు. తెలుగు వ్రాయగలవారు ఆ సంగతిని దరఖాస్తు మొదటి వరుసలోనే పేర్కొనవలెను. ముంబయిలో హిందీలోనో ఇంగ్లీషులోనో ఊహించి, తెలుగులోనికి తెచ్చిన ప్రకటనలను చదివి నాలుక తడబడని తెలుగువారుందురా? ఆ కాపీని సరిదిద్దుటకు పిలుపు వచ్చినప్పుడు సరిదిద్దిన దానితోపాటు, తెలుగుననే పుట్టిన ఊహను ఒకదానిని ప్రక్క కాగితముపై వ్రాసి ఇచ్చినచో, రెండవమారు మిమ్ము సరిదిద్దుటకు గాక వ్రాయుటకే పిలుచు అవకాశము కలదు.