వల ఒడ్డునే బాగుచేసుకోవాలి

మొహర్రం నెలలో ఒకసారి నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున నిలబడి చూడండి. బారాషహీద్ దర్గా పక్కన వేలమంది చెరువు నీళ్ళలో దిగి రొట్టెలు మార్చుకుంటుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె. వాటి మధ్యే విదేశీ రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు రొట్టె పట్టుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి అదే రొట్టెను ఇంకొకరికి ఇస్తారు. కులం అడగరు, మతం అడగరు. ఎవరి దగ్గర ఏ రొట్టె ఉందో అడుగుతారు, అంతే.

ఆ నమ్మకాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. అయితే విదేశీ రొట్టె పట్టుకున్న ప్రతి అబ్బాయినీ, అమ్మాయినీ ఒక్క మాట అడగాలనిపిస్తుంది. నాయనా, నీ పాస్‌పోర్టు గడువు ఏ రోజుతో తీరుతుందో చూడకుండా చెప్పగలవా? అమ్మా, పదో తరగతి సర్టిఫికెట్టులో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో నీ పేరు ఒకేలా ఉందా? చాలామంది దగ్గర జవాబుండదు. కోరిక బలంగానే ఉంటుంది, కాగితమే సిద్ధంగా ఉండదు.

సిద్ధంగా ఉండటం అంటే ఏమిటో మన తీరమే చెబుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవల వేట బంద్. ఆ రోజుల్లో తుమ్మలపెంట నుంచి ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం దాకా ఏ పల్లెకైనా వెళ్ళండి. మత్స్యకారులు నీడపట్టున కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తుంటారు. ఇంజన్లు విప్పి చూస్తుంటారు. పడవలకు రంగులేస్తుంటారు. వల చిరిగిన సంగతి నడిసంద్రంలో తెలిస్తే ఆ రోజు వేట పోయినట్టేనని వాళ్ళకు తెలుసు. విదేశీ ప్రయాణమూ అంతే. పని ఒడ్డునే పూర్తిచేయాలి. అందుకు ఏడు అలవాట్లు చెబుతాను.

1. కాగితమంటే భయం వదలండి

ఫారం, స్టాంపు, కౌంటరు అనగానే మనలో చాలామందికి గుండె జారుతుంది. కానీ ప్రయాణికుడికి పత్రం పుట్టిందే ధైర్యం ఇవ్వడానికి. నెల్లూరుకు ఉత్తరంగా, ఇప్పటి బాపట్ల జిల్లాలో మోటుపల్లి రేవు ఉంది. అక్కడ 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును రాజులు లాగేసుకునేవారు. ఇక మీదట అలా జరగదని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని ఆయన దేశదేశాల వర్తకులకు రాతి మీద మాటిచ్చాడు.

మీ పాస్‌పోర్టు అట్ట లోపలి పేజీ చదవండి. దీన్ని తెచ్చినవారిని ఆటంకం లేకుండా వెళ్ళనివ్వండి, అవసరమైన సాయమూ రక్షణా ఇవ్వండి అని రాష్ట్రపతి పేరిట ప్రపంచాన్ని కోరే మాటలు అక్కడ ఉంటాయి. మీ కోసం ఒక దేశం రాసిన అభయపత్రం అది. దాన్ని దాచిపెట్టడంతో సరిపెట్టకండి, చదవండి.

2. పదేళ్ళను తొమ్మిదిన్నరగా లెక్కవేయండి

పెద్దలకు పాస్‌పోర్టు పదేళ్ళకు ఇస్తారు. చిన్నపిల్లలకు ఐదేళ్ళకో, పద్దెనిమిదేళ్ళు నిండేదాకానో, ఏది ముందైతే అంతవరకు ఇస్తారు. చాలా దేశాలు మనం దిగే రోజుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. నాలుగు నెలలే ఉంటే విమానాశ్రయం కౌంటరు దగ్గరే ఆపేస్తారు. టికెట్టు ఉంది, వీసా ఉంది అన్నా లాభం ఉండదు. ఆ నియమం పెట్టింది మనం వెళ్ళే దేశం కాబట్టి, మన ఊళ్ళో ఎవరిని బతిమాలినా అది మారదు.

ఇది మనకే కాదు. ఆస్ట్రేలియా పౌరులు విదేశాలకు వెళ్ళేటప్పుడు వాళ్ళ ప్రభుత్వమూ ఇదే హెచ్చరిక చేస్తుంది. వెళ్ళే దేశం నియమాలు ముందే చూసుకోండి, ఆరు నెలల గడువు ఉంచుకోండి అంటుంది. మన దేశానికి ఈ-వీసా మీద వచ్చేవారికి మనమూ అదే షరతు పెట్టాం. బలమైన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళే తేదీ చూసుకుంటున్నప్పుడు మనం ఇంకెంత చూసుకోవాలి! గడువు తీరడానికి ఏడాది ముందే కొత్తదానికి దరఖాస్తు చేయవచ్చు. ఆ తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టండి.

3. మీ పేరును ఒక్కలా రాయండి

మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది, పేరు తర్వాతొస్తుంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట ఒక్క అక్షరమే మిగులుతుంది. లక్ష్మి అని ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒకరు ఎక్స్ పెడతారు, మరొకరు కె, ఎస్, హెచ్ పెడతారు. పెంచలయ్య, వెంకటేశ్వర్లు లాంటి పేర్లకైతే ఒకే ఇంట్లో మూడు స్పెల్లింగులు కనిపిస్తాయి. మనకు అది ఒకే మనిషి. కంప్యూటరుకు ముగ్గురు మనుషులు.

పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. రెండూ నింపండి. పొడి అక్షరాలు వద్దు, పూర్తిగా విప్పి రాయండి. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఒక నిబంధన తెచ్చింది. ఒకే ఒక్క పదం పేరుగా ఉండి రెండో గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులను సందర్శక వీసాలకు అంగీకరించబోమంది. పాస్‌పోర్టులో మరోచోట తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని తర్వాత సడలించింది. ఈలోగా ఎందరికి కంగారు పుట్టి ఉంటుందో ఊహించండి. తల్లిదండ్రులకు నా మనవి: బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టులో రాసే పేరే ఆ బిడ్డకు మొదటి వీసా కాగితం. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టులో పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువీకరణ పత్రమే చెల్లుతుంది. ఆసుపత్రి హడావిడిలో ఎవరో రాసిచ్చిన స్పెల్లింగుకు తలూపేయకండి.

4. మీ ఫారం మీరే నింపండి

తెలియనిది అడగడంలో తప్పు లేదు. తెలుసుకోవడం మానేసి అంతా ఇంకొకరి చేతిలో పెట్టేయడమే తప్పు. సాధారణ 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు. తత్కాల్ కావాలంటే మరో 2,000. 2017 నుంచి పోస్టాఫీసుల్లోనూ పాస్‌పోర్టు సేవా కేంద్రాలు తెరుస్తూ వచ్చారు. ఫారం ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అయినా ప్రతి గడీ మీ కళ్ళతో చదివి నింపండి.

విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంటు విషయంలోనూ అంతే. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తీసుకోవచ్చు. అంతకుమించి తీసుకునే హక్కు లేదు. రసీదు అడగండి. గొంతు పెంచకుండా, తల దించకుండా అడగండి. రసీదు ఇవ్వనంటే మీరు లేచి రావాల్సిన సమయం అదే.

5. రక్షణను అవమానం అనుకోకండి

పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు మీద వలస తనిఖీ అవసరం అని ముద్ర ఉంటుంది. వాడుకలో ఈసీఆర్ అంటారు. కువైట్, సౌదీ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ, మలేసియా సహా 18 దేశాలకు పనికి వెళ్ళేటప్పుడు వారు ముందుగా అనుమతి తీసుకోవాలి. దీన్ని తప్పించుకోవడానికి సందర్శక వీసా మీద వెళ్ళి పనిలో చేరమని చెప్పేవాళ్ళుంటారు. ఆ దారిన పోతే జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడిగే ధైర్యం ఉండదు, ఎందుకంటే చట్టం దృష్టిలో మీరు అక్కడ పనివారే కారు.

1983 నాటి వలస చట్టం ఈ తనిఖీ పెట్టింది మిమ్మల్ని ఆపడానికి కాదు. ఒప్పందంలో జీతం ఎంతో, యజమాని ఎవరో ముందే నమోదు కావడానికి. ఈ అనుమతితో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో, ప్రమాదంలో మరణం లేదా శాశ్వత వైకల్యం సంభవిస్తే 10 లక్షల బీమా. అది కష్టజీవి కుటుంబానికి కట్టిన గట్టు. ఇక ఆ ముద్రే వద్దనుకుంటే దానికీ దారి ఉంది. ఓపెన్ స్కూల్‌లో చేరి పది పాసవండి. ముప్పై ఏళ్ళ వయసులో రాసినా పది పదే.

6. నిజమే చెప్పండి

వీసా అధికారి ముందు తడబడితే మళ్ళీ ప్రయత్నించవచ్చు. అబద్ధం చెబితే దారులే మూసుకుపోతాయి. ఉదాహరణకు, ఆస్ట్రేలియా విద్యార్థి వీసాకు 2024 మార్చి 23 నుంచి, మీరు నిజంగా చదువుకోవడానికే వస్తున్నారా అన్న పరీక్ష పెట్టారు. ఆ కోర్సు ఎందుకు, ఆ దేశమే ఎందుకు, చదివాక ఏం చేస్తారు అన్న ప్రశ్నలకు మీ మాటల్లో రాయాలి. అదే ఏడాది మే 10 నుంచి ఏడాది జీవన ఖర్చుకు 29,710 ఆస్ట్రేలియా డాలర్లు చూపాలన్నారు. ఆ మొత్తం చూపడానికి దొంగ బ్యాంకు పత్రం పెట్టి దొరికితే వీసా తిరస్కరించడంతో ఊరుకోరు, మూడేళ్ళ పాటు చాలా వీసాలకు అడ్డం పడుతుంది. గుర్తింపు విషయంలోనే మోసం చేస్తే అది పదేళ్ళు. ఇరవై రెండేళ్ళ వయసులో మూడేళ్ళంటే ఎంత కాలమో లెక్కేసుకోండి. డబ్బు సరిపోకపోతే ఒక ఏడాది ఆగండి. ఆగడం ఓటమి కాదు.

7. పుస్తకాన్ని కాపాడుకోండి, తిరిగొచ్చే దారినీ చూసుకోండి

1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం ఆ పుస్తకం భారత ప్రభుత్వ ఆస్తి. అప్పుకు తాకట్టు పెట్టడానికి వీల్లేదు. యజమాని లాక్కుని బీరువాలో పెట్టుకుంటే దాన్ని మామూలు విషయంగా తీసుకోకండి, భారత రాయబార కార్యాలయానికి చెప్పండి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి ఫోనులో ఉంచండి. ఆస్ట్రేలియా ఇప్పుడు వీసాను పుస్తకంలో అంటించదు, మీ పాస్‌పోర్టు నంబరుకు ఆన్‌లైన్‌లో ముడిపెడుతుంది. కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే కొత్త నంబరు వాళ్ళకు తెలపాలి. ఇది మరిచిపోయి విమానాశ్రయంలో అవస్థ పడకండి.

కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇవ్వడానికి తిరిగి రావాలి కదా! మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో స్థిరపడి ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న మన బిడ్డలు ఒకటి గుర్తుంచుకోవాలి. మన చట్టంలో రెండు పౌరసత్వాలు కుదరవు. ఆ రోజుతో భారత పౌరసత్వం ముగుస్తుంది, పాత పాస్‌పోర్టు అప్పగించాలి. ఇక అమ్మానాన్నలను చూడటానికి రావాలన్నా వీసా కావాలి, లేదా విదేశాల్లోని భారత మూలాలవారికి ఇచ్చే ఓసీఐ కార్డు కావాలి. 2006 జనవరిలో హైదరాబాద్ ప్రవాసీ భారతీయ దివస్‌లో మొదలైన ఆ కార్డు ఉంటే జీవితాంతం ఎన్నిసార్లైనా రావచ్చు. ఓటు మాత్రం ఉండదు. వారసత్వంగా పొలం రావచ్చు గానీ, కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. అక్కడ పుట్టిన పసిబిడ్డకైనా సొంత పాస్‌పోర్టు, సొంత వీసా లేదా కార్డు ఉండాలి. ఊళ్ళో పెద్దాయనకు బాగాలేదని అర్ధరాత్రి ఫోనొచ్చినప్పుడు వెతుక్కునే కాగితాలు కావివి. ఇప్పుడే చేయించుకోండి.

గడువు చూసుకునే కన్ను, పేరు సరిగా రాసే చేయి, రసీదు అడిగే నోరు, నిజం చెప్పే మనసు. వ్యక్తిత్వం అంటే ఇవే. విదేశం వెళ్ళినా, మైపాడులోనే ఉండి రొయ్యల చెరువు చూసుకున్నా ఇవి మీకు పనికొస్తాయి.

ఈ రాత్రి అన్నం తిన్నాక బీరువా తెరవండి. ఇంట్లో అందరి పాస్‌పోర్టులు, పదో తరగతి సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు చాప మీద పరచండి. పేర్లు సరిపోల్చండి. గడువు తేదీలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. తేడా కనబడితే రేపు ఉదయమే సరిచేసే పని మొదలుపెట్టండి. వచ్చే మొహర్రానికి విదేశీ రొట్టె పట్టుకునేటప్పటికి మీ వల సిద్ధంగా ఉండాలి.