పంచుకుని చేసే లెక్కకు ఏ ప్రాసెసర్ కొనాలి?

ఎండాకాలం వచ్చిందంటే మా అడవి అంచు పల్లెల్లో తునికాకు సేకరణ మొదలవుతుంది. చూడని మిత్రుల కోసం చెబుతాను. తెల్లవారకముందే ఎవరి కుటుంబం వారిది అడవికి పోతుంది. కోసిన ఆకును ఇంటికి తెచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లానికి చేరుస్తారు. అక్కడ కల్లేదారు కట్టలు లెక్క చూసి, చిరుగు ఆకులుంటే పక్కన పెట్టిస్తాడు. ఒక ఇంటివారు ఎన్ని కట్టలు కట్టారో పక్క ఇంటివారికి తెలియనక్కరలేదు. ఒకరికి జ్వరం వచ్చినా కల్లం ఆగదు. డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ అనే పెద్ద మాట విన్నప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చింది ఈ కల్లమే.

ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి, దేశదేశాల్లో వున్న మామూలు కంప్యూటర్లకు ఇంటర్నెట్ ద్వారా పంపి, జవాబులను తిరిగి ఒకచోట చేర్చడమే ఈ పద్ధతి. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం వారు గ్రహాంతర వాసుల సంకేతాలు వెతకడానికి 1999లో సెటి ఎట్ హోమ్ ప్రారంభించి, 2020 మార్చి ఆఖరున పని పంపడం ఆపారు. అక్కడే పుట్టిన బోయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద మాత్రం ఇతర పరిశోధనలు నేటికీ నడుస్తున్నాయి. నేను చేరింది 2005లో మొదలైన ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌లో. గురుత్వ తరంగాల కోసం, పల్సార్ల కోసం ఇది వెతుకుతుంది. ఇందులో ఒకే ముక్కను ఇద్దరికి పంపి, ఇద్దరి జవాబులు సరిపోలితేనే తీసుకుంటారు. అందుకే 2010లో ఆరెసిబో రేడియో టెలిస్కోపు సమాచారంలో ఒక కొత్త పల్సారు బయటపడినప్పుడు, అమెరికాలో అయోవా రాష్ట్రపు దంపతులకు, జర్మనీలో మరొకరికి కూడా ఆ ఘనత దక్కింది. వారు వాడినవి మామూలు కంప్యూటర్లే!

అన్ని లెక్కలూ ఇలా పంచడానికి వీలుపడవు. హైదరాబాదులో రక్షణ శాఖకు చెందిన అనురాగ్ సంస్థ 1988లో పేస్ అనే యంత్రం పని మొదలుపెట్టింది. అది కూడా మామూలు మోటరోలా ప్రాసెసర్లను ఎన్నింటినో జతచేసి కట్టినదే. కాని విమానం చుట్టూ గాలి ఎలా పారుతుందో లెక్కగట్టేటప్పుడు, ప్రతి అడుగులోనూ పక్కవాడి అంకెలు కావాలి. వరసలో నాట్లు వేసే కూలీలు ఒకరితో ఒకరు అడుగు కలిపినట్లన్నమాట. అటువంటి పనికి ప్రాసెసర్ల మధ్య వేగమైన తీగలు కావాలి, డబ్బూ కావాలి. మన బోటి వాళ్లకు తునికాకు పద్ధతే గతి.

ఇక ప్రాసెసర్ సంగతి. డ్యూయల్ కోర్ అంటే ఒకే చిప్పులో లెక్క చేసే భాగాలు రెండు. ఒక ఇంట్లో ఇద్దరు కట్టలు కట్టేవాళ్లున్నట్లు. ఇద్దరికీ ఆకు అందించే గంప క్యాషె మెమరీ. అడవి నుంచి ఇంటికి దారి ర్యామ్. చేతులెంత చురుకైనా గంప ఖాళీ అయితే కూర్చోవలసిందే. అందుచేత గిగాహెర్ట్జ్ అంకె చూసి మోసపోకూడదు. దీనికి చక్కని ఉదాహరణ 2006 నాటిది. ఇంటెల్ వారి పెంటియం డి 805 వేగం 2.66 గిగాహెర్ట్జ్, కోర్ 2 డ్యూవో ఇ6300 వేగం 1.86 మాత్రమే. అయినా చాలా పనుల్లో రెండవదే ముందుండేది. కారణం, ప్రతి టిక్కుకూ అది ఎక్కువ పని చేస్తుంది. పైగా దాని రెండు కోర్లూ ఒకే 2 ఎంబీ క్యాషెను అవసరాన్నిబట్టి పంచుకుంటాయి. వేడి లెక్కలో మొదటిది 95 వాట్లు, రెండవది 65.

ఇదంతా చదివి కూడా నేను బోల్తాపడ్డాను. మిర్చి అమ్మిన డబ్బులో మా నాయన నాకు ఆరు వేలు ఇచ్చారు. అందులో 2,500 పెట్టి, ఒక పాత సామాన్ల దుకాణంలో కోర్ 2 డ్యూవో ఇ7500 వున్న కంప్యూటరు తెచ్చాను. డబ్బు మిగిలిందని సంబరపడ్డాను. రాత్రింబగళ్లు నడిపాను. ఇంట్లో మిగతావన్నీ ఆపి మీటరు చూస్తే, మానిటరు ఆపి వున్నా అది సుమారు 100 వాట్లు లాగుతున్నది. రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. మా ఇంటి వాడకం నెలకు 135. కూడితే 207. గృహజ్యోతి పథకం కింద 2024 నుంచి మాకు సున్నా బిల్లు వస్తున్నది. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. ఏడు యూనిట్ల కోసం వెయ్యి రూపాయలకు పైగా బిల్లు వచ్చింది. మా నాయన ఒక్క మాట అనలేదు. బిల్లు కాగితం తెచ్చి కంప్యూటరు మీద పెట్టి పొలానికి పోయారు.

బోరు కాడ కరెంటు ఉచితమే గదా, అక్కడ పెట్టుకోరాదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది మోటారుకిచ్చిన కరెంటు, మన సరదాకు కాదు. అదీగాక స్టార్టరు నొక్కగానే వోల్టేజి పడిపోయి కంప్యూటరు ఆరిపోతుంది.

పాతదాన్ని నష్టానికి అమ్మి, మిగిలిన డబ్బు కలిపి, సికింద్రాబాదులో ఆఫీసులు తీసేసిన కోర్ ఐ3-4130 డబ్బా ఒకటి కొన్నాను. ఇది 2013 నాటిది. కోర్లు రెండే అయినా ఒక్కో కోరు రెండు పనులను కలిపి నడపగలదు కనుక నాలుగు పనులు పడతాయి. ఏవీఎక్స్2 అనే కొత్త ఆదేశాలున్నాయి; ఒక్క ఆదేశంతో ఎనిమిది అంకెల మీద లెక్క చేస్తుంది. మీటరు మీద సుమారు 60 వాట్లు. నెలకు 43 యూనిట్లు, ఇంటి వాడకంతో కలిపి 178. రోజుకు పూర్తిచేసే పని మాత్రం పాతదానికి రెట్టింపు పైనే. అంటే ఒక యూనిట్ కరెంటుకు ఎంత పని అవుతుందన్నదే మనం అడగవలసిన ధర. దుకాణంవాడు చెప్పే ధర ఒక్కసారి కట్టేది, ఇది నెలనెలా కట్టేది.

కొనబోయేవారు మరి రెండు సంగతులు గమనించగలరు. ఒక్కో పనికీ విడిగా ర్యామ్ కావాలి కనుక, నాలుగు పనులు నడపాలంటే 4 జీబీ ఇరుకు, 8 వుంటే నయం. రెండోది, కొనేముందు ఫ్యాను విప్పించి, కింది పేస్టు ఎండిపోయిందేమో చూడండి. మన ఖమ్మం ఎండకు పేస్టు ఎండిన ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. కరెంటు కోతకు భయపడనవసరం లేదు. చేసినంతవరకు లెక్క డిస్కులో అప్పుడప్పుడు రాసి పెట్టుకుంటుంది. కరెంటు రాగానే అక్కడినుంచి అందుకుంటుంది. పని తిరిగి పంపడానికి రోజుల గడువు వుంటుంది గనుక నెట్ అప్పుడప్పుడు అందినా చాలు.

మే నెలలో కూలరు తిరుగుతుంది కనుక, ఆ నెలంతా రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకే పని చేసేటట్లు బోయింక్‌లో వేళలు పెట్టాను. మన కళాశాల ల్యాబులో యంత్రాలు సాయంత్రం నాలుగు తరువాత ఖాళీగానే వుంటాయి. అనుమతి లేకుండా వాటిమీద ఇది పెట్టడం తప్పు, కరెంటు కళాశాలది. ఎన్ని వాట్లు, ఎన్ని యూనిట్లు అన్న లెక్క వేసి, ఒక అర్జీ రాసి మా లెక్చరర్ గారి చేతిలో పెట్టాను. జవాబు రావలసి వుంది.